లైసెన్సు కాగితం, 807 వాల్వు: మన దేశంలో హామ్ రేడియో కథ

ఒకప్పుడు మన ఇళ్ళలో పాటలూ వార్తలూ వినే మామూలు రేడియోకు కూడా లైసెన్సు ఉండేదంటే ఈనాటి విద్యార్థులు నమ్మకపోవచ్చు. తపాలా ఆఫీసులో ఒక చిన్న పుస్తకం ఇచ్చేవారు. ఏటేటా రుసుము కట్టి ఆ పుస్తకాన్ని కొనసాగించుకోవాలి. 1980ల మధ్యలో గానీ ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. కేవలం వినడానికే ఇంత తతంగం ఉన్న దేశంలో, "నేను ఇంట్లో కూర్చుని సొంతంగా ట్రాన్స్‌మిటర్ కట్టుకుంటాను, దానితో ప్రపంచంలో ఎవరు పలికితే వారితో మాట్లాడతాను" అని ఒక సామాన్యుడు దరఖాస్తు పెడితే ప్రభుత్వం ఏమనాలి?

విచిత్రం ఏమిటంటే, సరే అంది. 1921లోనే అంది. కాకపోతే ఆ "సరే" వెనక ఎప్పుడూ ఒక అనుమానం నీడలా ఉంటూ వచ్చింది. మన దేశంలో ఔత్సాహిక రేడియో చరిత్ర అంతా ఆ అనుమతికీ ఆ అనుమానానికీ మధ్య నడిచినదే. అనుమతి దొరికినా పరికరాలు దొరకని రోజులు కొన్నైతే, పరికరాలు ఉన్నా అనుమతి దొరకని రోజులు మరికొన్ని.

ఔత్సాహిక రేడియో అంటే డబ్బు కోసం కాక, నేర్చుకోవాలనే ఆసక్తితో, ప్రభుత్వ లైసెన్సు పొంది నడిపే వైర్‌లెస్ కేంద్రం. దాన్ని నడిపేవారిని హామ్‌లు అంటారు. ఈ మాట హెర్ట్జ్, ఆర్మ్‌స్ట్రాంగ్, మార్కోనీ పేర్ల మొదటి అక్షరాలతో ఏర్పడిందని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. వినడానికి బాగున్నా అది కట్టుకథే. తంతి రోజుల్లో చేతకాని టెలిగ్రాఫ్ ఆపరేటర్ను వెక్కిరించడానికి వాడిన మాట అది. వెక్కిరింపును వీళ్ళు బిరుదుగా తగిలించుకున్నారు.

పనికిరాని తరంగాలు

అసలు ఔత్సాహికులకు ఆకాశంలో చోటు దొరికింది ఎవరి దయవల్లా కాదు, ఒక పొరపాటు అంచనా వల్ల. 1912లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, ప్రైవేటు వ్యక్తులు 200 మీటర్లకు మించిన తరంగాలు వాడరాదంది. అప్పటి ఇంజనీర్ల లెక్కలో దూరప్రయాణానికి పొడుగు తరంగాలే పనికొస్తాయి. పొట్టి తరంగాలు ఊరి పొలిమేర దాటవు. కాబట్టి వాటిని ఈ పిల్లకాయలకు వదిలేస్తే పీడ విరగడవుతుందనుకున్నారు.

ఆ పిల్లకాయలు ఊరుకుంటారా? 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికన్ ఔత్సాహికుడు స్కాట్లండులోని ఆర్డ్రోసన్ దగ్గర గుడారం వేసుకుని, మంచి రిసీవర్ పెట్టుకుని, అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చే ఔత్సాహికుల సంకేతాలు విన్నాడు. 1923 నవంబరులో ఫ్రాన్సులోని లియోన్ డెలాయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ సుమారు 110 మీటర్ల మీద పరస్పరం మాట్లాడుకున్నారు. పొట్టి తరంగాలు నేల పట్టుకుని పాకవు, పైకి పోతాయి. భూమికి వంద నుంచి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన పొరలున్నాయి. వాటిని అయనోవరణం అంటాం. తరంగం అక్కడ వంగి మళ్ళీ నేలకు దిగుతుంది, గోడకు కొట్టిన బంతిలాగా. పనికిరావని పారేసిన తరంగాలే ప్రపంచాన్ని చుట్టివచ్చేవని తేలగానే, కంపెనీలూ ప్రభుత్వాలూ వాటికోసం ఎగబడ్డాయి. ఔత్సాహికులకు కొన్ని ఇరుకు సందులు మిగిలాయి. వాటినే ఇప్పుడు మనం హామ్ బ్యాండ్లు అంటున్నాం.

మన దేశంలో 1921లో మొదటి లైసెన్సు కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు అందుకున్నాడు. ఆయన సంకేతనామం 2జెకె. అదే ఏడాది ముకుల్ బోస్ అనే ఆయనకు 2హెచ్‌క్యూ దక్కింది. అంతకుముందు ఒక్కడే కాబట్టి మాట్లాడడానికి మనిషి లేడు. రెండోవాడు రాగానే దేశంలో హామ్‌ల మధ్య సంభాషణ మొదలైంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో శిశిర్ కుమార్ మిత్ర కూడా 1920ల్లో 2సిజెడ్ పేరుతో ఒక ప్రయోగ కేంద్రం నడిపాడు. అయనోవరణం మీద లోకం మెచ్చిన పరిశోధన చేసిన ఆచార్యుడు ఈయనే.

దక్షిణాదిన ఉత్సాహం మరో దారి పట్టింది. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. సి.వి. కృష్ణస్వామి చెట్టి ప్రేరణతో, ముందు 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో, తరవాత 200 వాట్ల దానితో పాటలూ ప్రసంగాలూ వినిపించారు. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే కదా! 1927లో డబ్బు చాలక క్లబ్బు మూతపడింది. ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు అప్పగించారు. కార్పొరేషన్ దానితో 1930 నుంచి ప్రసారాలు నడిపింది. ఆకాశవాణి పుట్టకముందు ఈ దేశానికి రేడియో వినడం నేర్పినవాళ్ళలో ఇలాంటి క్లబ్బులవాళ్ళు ముఖ్యులు.

1929 నుంచి భారతీయ హామ్‌ల పేర్ల ముందు వియు అనే అక్షరాలు వచ్చాయి. ఇప్పటికీ అవే. అండమాన్, నికోబార్ దీవులకు వియు4, లక్షద్వీపాలకు వియు7 అని విడిగా ఉంటాయి. ఇది గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

పోలీసు ఠాణాకు చేరిన సెట్లు

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సంగతి మనలో చాలామందికి తెలుసు. హామ్‌ల మెడ మీద కత్తి దానికంటే 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. దీని ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం వాడడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. అటక మీద దుమ్ము పట్టి ఉన్నా సరే.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే కొత్త లైసెన్సులు ఆగిపోయాయి. ఉన్నవాళ్ళు ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించాలని ఆజ్ఞలు వచ్చాయి. శత్రువుకు వార్తలు చేరతాయన్న భయం ఒకటి, స్వాతంత్ర్యోద్యమానికి గొంతు దొరుకుతుందన్న భయం మరొకటి.

రెండో భయం నిజమే అయింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో నాయకులంతా జైళ్ళపాలయ్యాక, బొంబాయిలో ఉషా మెహతా అనే ఇరవై రెండేళ్ళ విద్యార్థిని, మరికొందరు మిత్రులు కలిసి 42.34 మీటర్ల మీద కాంగ్రెస్ రేడియో నడిపారు. ఆ ట్రాన్స్‌మిటర్ను అమర్చినవాడు నారిమన్ ప్రింటర్. యుద్ధానికి ముందు అతడు లైసెన్సు ఉన్న హామ్. పోలీసులు దిశను పట్టే పరికరాలతో వెదికేవారు. వీళ్ళు ఇల్లు మార్చి ఇల్లు మార్చి ప్రసారాలు చేసేవారు. ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో రెండు మూడు చోట్ల నుంచి కొలిచి, ఆ గీతలను పటం మీద కలిపితే దొరుకుతుంది. గీతలు కలిసేలోగా సామాను సర్దుకోవాలన్నమాట. చివరికి ఆ ఏడాది నవంబరులో పోలీసులు ముందు ప్రింటర్ను పట్టుకున్నారు. అతని ద్వారానే చోటు బయటపడింది. ఉషా మెహతాకు నాలుగేళ్ళ శిక్ష పడింది. హామ్ విద్య వల్ల కేంద్రం నిలిచింది, ఆ విద్య తెలిసినవాడి వల్లే కూలింది. చరిత్రలో వీరులూ బలహీనులూ వేర్వేరు గదుల్లో ఉండరు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చట్టం మారలేదు. పాలకులు మారినా ట్రాన్స్‌మిటర్ మీద చూపు మారలేదు. అయితే 1948 మే 15న మధ్యభారతంలోని మహూలో, సైన్యపు సిగ్నల్స్ పాఠశాలలో, భారత అమెచ్యూర్ రేడియో క్లబ్బు ప్రారంభమైంది. అప్పటికి దేశం మొత్తం మీద లైసెన్సుదారులు యాభై మందే. 1954లో ఆ క్లబ్బు ఢిల్లీకి మారి అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది.

తుక్కులో దొరికిన నిధి

యుద్ధం హామ్‌ల నోరు నొక్కింది నిజమే. కానీ పోతూ పోతూ వాళ్ళకు గుట్టలకొద్దీ సామాను వదిలిపోయింది. సైన్యాలకు అక్కరలేని వైర్‌లెస్ సెట్లు కొత్తవీ పాతవీ కలిపి తూకానికి అమ్ముడయ్యాయి. బొంబాయి చోర్ బజారు, మద్రాసు మూర్ మార్కెట్ లాంటి చోట్ల ఇనప సామాన్ల మధ్య అవి తేలేవి. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఆనాటి హామ్‌లు ఇప్పటికీ దాని పేరెత్తితే నిట్టూరుస్తారు.

పాతతరం వాళ్ళు ముచ్చటించుకునే సెట్లలో కొన్నింటిని పరిచయం చేస్తాను. నంబర్ 19 అనే సెట్టు ట్యాంకుల్లో వాడినది. ఇది 2 నుంచి 8 మెగాహెర్ట్జ్‌ల వరకు పనిచేస్తుంది. అంటే హామ్‌ల 40 మీటర్ల బ్యాండు ఇందులోనే ఉంది, మార్చవలసిన పని లేదు. కెనడాలో తయారైన కొన్నింటి ముఖం మీద ఇంగ్లీషుతో పాటు రష్యన్ అక్షరాలుంటాయి. అప్పట్లో సోవియట్ సైన్యానికి పంపడానికి చేసినవి అవి. అమెరికన్ విమానాల్లోంచి వచ్చిన బిసి-348 రిసీవర్ మరో ఆస్తి. చెప్పుల పెట్టెంత ఉండే బిసి-453 అనే చిన్న రిసీవర్ 190 నుంచి 550 కిలోహెర్ట్జ్‌ల మధ్య మాత్రమే వింటుంది. అక్కడ హామ్‌లకు పనేమీ లేదు. కానీ దాని లోపలి మధ్యంతర పౌనఃపున్యం 85 కిలోహెర్ట్జ్‌లు. పౌనఃపున్యం ఎంత తక్కువైతే పక్కపక్క స్టేషన్లను విడదీయడం అంత సులువు. అందుకని మామూలు రిసీవర్‌లోంచి 455 కిలోహెర్ట్జ్‌ల సంకేతాన్ని తీగతో లాగి దీనికి తగిలించేవారు. రెండు సాధారణ సెట్లు కలిసి ఒక గొప్ప సెట్టు అయ్యేది.

ఇక 807. ఈ అంకె వింటే ముసలి హామ్‌ల కళ్ళు మెరుస్తాయి. అది అమెరికాలో ఆర్‌సిఎ కంపెనీ 1930ల్లో తెచ్చిన ట్రాన్స్‌మిటింగ్ వాల్వు. గాజు బుడ్డి, కింద అయిదు కాళ్ళు, నెత్తి మీద చిన్న టోపీ. ఆ టోపీకే ఆనోడ్ తీగ తగిలించాలి. 600 వోల్టులు ఇస్తే నలభై వాట్ల దాకా రేడియో శక్తిని వెళ్ళగక్కుతుంది. యుద్ధంలో లక్షల్లో చేశారు కాబట్టి చవకగా దొరికేది. దేశదేశాల హామ్‌లు తమ మొదటి మాట దీనిద్వారానే పలికారంటే అతిశయోక్తి కాదు.

దానితో ట్రాన్స్‌మిటర్ కట్టే విధానం చూడండి. ముందు ఒక క్వార్ట్జ్ స్ఫటికం కావాలి. స్ఫటికపు పలక మందాన్ని బట్టి దాని కంపనం ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్‌లకు కావలసిన పలక మందం పావు మిల్లీమీటరు కంటే తక్కువ. సైన్యపు స్ఫటికాలు హామ్ బ్యాండుకు కొంచెం కిందుగా ఉంటే, గాజు పలక మీద మెత్తటి సానపొడి వేసి, ఆ పలకను వేలితో గుండ్రంగా తిప్పుతూ అరగదీసేవారు. అరిగేకొద్దీ పౌనఃపున్యం పెరుగుతుంది. ఎక్కువ అరిగితే? పెన్సిల్ గీతతో కొద్దిగా బరువు పెంచి వెనక్కు తెచ్చేవారు. పలక పగిలితే మాత్రం చేసేదేమీ లేదు.

స్ఫటికం పుట్టించిన కంపనాన్ని 807 పెద్దది చేస్తుంది. ఏరియల్‌కు అందించే ముందు కాయిల్, కెపాసిటర్లతో శ్రుతి చేయాలి. కెపాసిటర్ మర తిప్పుతుంటే ఆనోడ్ కరెంటు చూపే మీటరు ముల్లు ఒకచోట గభాల్న కిందికి పడుతుంది. అదే శ్రుతి కుదిరిన చోటు. మీటరు కొనలేనివాళ్ళు టార్చి బల్బుకు ఒక చుట్ట తీగ తగిలించి కాయిల్ దగ్గర పెట్టేవారు. ఏ తీగా తగలకుండానే బల్బు వెలిగేది. ఫిజిక్సు పుస్తకంలో ప్రేరణ గురించి పది పేజీలు చదివినా కలగని నమ్మకం ఆ ఒక్క బల్బుతో కలుగుతుంది.

ఏరియల్‌కు పెద్ద ఖర్చు లేదు. 143ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే అర్ధతరంగ ఏరియల్ పొడవు మీటర్లలో వస్తుంది. 7.05 మెగాహెర్ట్జ్‌లకు ఇరవై మీటర్ల పైచిలుకు రాగి తీగ. దాన్ని నడిమికి కోసి, రెండు కొబ్బరిచెట్ల మధ్య కడితే సరి.

ఇందులో అపాయం లేకపోలేదు. 600 వోల్టులు నిలవ చేసుకున్న కెపాసిటర్ స్విచ్చి ఆపాక కూడా ప్రాణం తీయగలదు. అందుకే అనుభవజ్ఞులు ఒక చేయి జేబులో పెట్టుకుని పనిచేయమనేవారు. కరెంటు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతిలోకి పోకుండా ఉండేందుకు ఆ జాగ్రత్త.

ఈ సెట్లు మాటను మోసే తీరులో దుబారా చాలా ఉండేది. పాత ఆయామ మాడ్యులేషన్‌లో వాహక తరంగం, దానికి రెండు పక్కలా రెండు పార్శ్వ పట్టీలు పోతాయి. నూరు శాతం మాడ్యులేషన్‌లో సైతం మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు వాహకమే తినేస్తుంది. దానిలో మాట అనేదే ఉండదు. మాటంతా పార్శ్వ పట్టీల్లోనే ఉంటుంది. ఆ రెండూ ఒకదానికొకటి అద్దంలో నీడలాంటివి, ఒకటి చాలు. వాహకాన్నీ ఒక పట్టీనీ తీసేసి మిగిలిన పట్టీని మాత్రం పంపడాన్ని ఏక పార్శ్వ పట్టీ విధానం అంటారు. యుద్ధానంతరం ప్రపంచమంతా క్రమంగా అటు మళ్ళింది. మన హామ్‌లు ఆలస్యంగా మళ్ళారు. దానికి మంచి ఫిల్టర్లు కావాలి, అవి దిగుమతి చేసుకోవాలి. దిగుమతికి మరో లైసెన్సు, దానిమీద సుంకం.

నిమిషానికి అయిదు మాటలు

పరికరం కథ ఇలా ఉంటే, అనుమతి కథ ఇంకోలా ఉంది. 1978 నాటి నిబంధనల ప్రకారం అయిదు తరగతుల లైసెన్సులు ఉండేవి. ఇందుకు కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పరీక్ష పెట్టేది. రేడియో సిద్ధాంతం, నిబంధనలు, వాటితో పాటు మోర్స్. రెండో గ్రేడుకు నిమిషానికి అయిదు మాటలు, మొదటి గ్రేడుకు పన్నెండు. మాట అంటే అయిదు అక్షరాల లెక్క. నిమిషానికి ఇరవై అయిదు అక్షరాలంటే సులువే కదా అనిపిస్తుంది. పరీక్ష గదిలో చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, ఒక అక్షరం తప్పిపోతే దాని గురించి ఆలోచించబోయి తరవాతి మూడూ పోగొట్టుకున్నవారిని అడగండి. మోర్స్‌ను చుక్కలూ గీతలుగా కాక రాగంగా వినమని గురువులు చెప్పేది అందుకే.

పరీక్ష నెగ్గినా వెంటనే మాట్లాడనిచ్చేవారు కాదు. రెండో గ్రేడువారు ముందు మోర్స్‌లో వందమందితో సంభాషించినట్టు రుజువు చూపితేనే గొంతుతో మాట్లాడే అనుమతి. యాభై వాట్లకు మించరాదు. దరఖాస్తుదారు పూర్వాపరాలపై పోలీసు విచారణ. ఆ కాగితాలు ఢిల్లీకీ జిల్లాకూ మధ్య తిరగడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటేది. పాఠశాల చివరి తరగతిలో దరఖాస్తు పెట్టి, కాలేజీలో చేరాక లైసెన్సు అందుకున్న వాళ్ళున్నారు.

లైసెన్సు వచ్చాక కూడా కట్టుబాట్లు ఎక్కువే. ప్రతి సంభాషణా సమయం, పౌనఃపున్యం సహా లాగ్ పుస్తకంలో రాయాలి. రహస్య భాష కూడదు. వ్యాపారం, రాజకీయం మాట్లాడరాదు. మూడో మనిషి కబురు అందించరాదు. అంటే పక్కింటి అత్తయ్యగారి కొడుకు దుబాయిలో క్షేమంగా ఉన్నాడా అని అడగడం కూడా నేరమే. విపత్తుల్లో మాత్రం ఈ చివరి నియమం సడలుతుంది.

ఇన్ని నియమాల మధ్య హామ్‌లు ఏం మాట్లాడుకునేవారు? సంకేతం ఎంత బాగా వినిపిస్తోంది, ఏ సెట్టు, ఏ ఏరియల్, మీ ఊళ్ళో వాన పడుతోందా! తరవాత ధ్రువీకరణగా ఒక కార్డు తపాలాలో పంపుకునేవారు. దాన్ని క్యూఎస్ఎల్ కార్డు అంటారు. గోడ నిండా ఆ కార్డులు అతికించుకోవడమే వాళ్ళ సంపద. మన పొరుగున నేపాల్‌లో చాలాకాలం పాటు లోకానికి వినిపించిన హామ్ ఒక్కరే. ఆయన ఫాదర్ మార్షల్ మోరన్ అనే జెసూట్ ఉపాధ్యాయుడు, సంకేతనామం 9ఎన్1ఎంఎం. ఖాట్మండూ దగ్గర గోదావరి అనే ఊళ్ళో బడి నెలకొల్పినవారు. పేరు చూసి మన గోదావరి అనుకునేరు! నేపాల్ దేశాన్ని తమ గోడ మీది కార్డుల్లో చేర్చుకోవాలంటే ఎవరికైనా ఆయన ఒక్కడే దిక్కు. 1992లో చనిపోయేదాకా అలా ప్రపంచానికి జవాబిస్తూనే ఉన్నారు.

పెట్టె తెరిస్తే చాలు

1980లలో గాలి మారింది. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. 1984లో హామ్ పరికరాల మీద దిగుమతి సుంకం తొలగించారు. ఆ ఏడాది చివర ప్రధాని అయిన రాజీవ్ గాంధీ స్వయంగా హామ్, ఆయన సంకేతనామం వియు2ఆర్‌జి. జపాను కంపెనీల సెట్లు రావడం మొదలైంది. పెట్టె తెరిచి, ఏరియల్ తగిలించి, మీట నొక్కితే చాలు. లైసెన్సుదారుల సంఖ్య పెరిగింది. 2000 నాటికి పదివేలు దాటింది.

లాభమే. కానీ నష్టం కూడా ఉందని నా అభిప్రాయం. స్ఫటికం అరగదీసిన వేలికి తెలిసింది, మీట నొక్కిన వేలికి తెలియదు. పైగా సుంకం లేకపోయినా ఆ సెట్టు ధర మామూలు ఉద్యోగి అందుకోగలిగింది కాదు. 807లు అరుదైపోయాయి. కొత్త సెట్టు కొనలేక, పాతది కట్టలేక, లైసెన్సు బీరువాలో పెట్టుకుని ఊరుకున్నవాళ్ళు ఎందరో.

ఈ ముడి విప్పే ప్రయత్నం హైదరాబాదులోనే జరిగింది. 2003లో అశ్హర్ ఫర్హాన్ అనే హామ్, సంకేతనామం వియు2ఈఎస్ఈ, బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్ డిజైను తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. 20 మీటర్ల బ్యాండులో, ఏక పార్శ్వ పట్టీ పద్ధతిలో, సుమారు ఆరు వాట్ల శక్తితో మాట్లాడుతుంది. దాని కిటుకు పేరులోనే ఉంది. రెండు దిశల్లో పనిచేసే యాంప్లిఫయర్లు పెట్టి, ఒకే ఫిల్టర్, ఒకే మిక్సర్లతో వినడమూ మాట్లాడడమూ సాధించాడు. సగం భాగాలు ఆదా. ఆ ఫిల్టర్‌కు ఖరీదైన దిగుమతి వస్తువు అక్కరలేదు. అంగట్లో దొరికే 10 మెగాహెర్ట్జ్‌ల స్ఫటికాలు నాలుగు చాలు. దానికి 4 మెగాహెర్ట్జ్‌ల ఆసిలేటర్ కలిపితే 14 మెగాహెర్ట్జ్‌ల హామ్ బ్యాండు వస్తుంది. కాయిల్ చుట్టడానికి ప్రత్యేక ఉంగరాలు దొరకకపోతే నీళ్ళ కుళాయిలో వేసే వాషర్ మీద చుట్టమన్నాడు! కోఠీ గుజరాతీ గల్లీలో ట్రాన్సిస్టర్లు, పక్క హార్డ్‌వేర్ కొట్టులో వాషర్లు. ప్రపంచంలో ఎన్నో దేశాల హామ్‌లు ఆ సెట్టును కట్టుకున్నారు. సుంకం కారణంగా పుట్టిన పాత పొదుపు విద్య ఈసారి ఇక్కడి నుంచి బయటికి ఎగుమతి అయింది.

ఒక నెల ఆలస్యమై ఉంటే

వియు4 గుర్తుందా? అండమాన్, నికోబార్ దీవులు భద్రత దృష్ట్యా సున్నితమైన ప్రాంతం. 1987 తరవాత అక్కడి నుంచి హామ్ ప్రసారాలకు అనుమతి దొరకలేదు. ప్రపంచ హామ్‌ల జాబితాల్లో కార్డు దొరకని చోటుగా వియు4 పైన నిలిచింది. హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ పట్టువిడవకుండా దరఖాస్తులు పెడుతూ వచ్చారు. పదిహేడేళ్ళ తరవాత 2004లో అనుమతి వచ్చింది. డిసెంబరులో ఆమె బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటలులో సెట్లు అమర్చుకుంది. ఆమె సంకేతనామం వియు4ఆర్‌బిఐ. అది వినపడగానే ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది ఒక్కసారిగా పిలవసాగారు. వాళ్ళకు కావలసింది ఒక కార్డు, అంతే.

డిసెంబరు 26 ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర సముద్రగర్భం కదిలింది. పోర్ట్ బ్లెయిర్‌లో భవనాలు ఊగాయి. తరవాత సునామీ వచ్చింది. టెలిఫోన్లు తెగిపోయాయి. ఆట కోసం తెచ్చిన సెట్టు, ఏరియల్ ఆ క్షణం నుంచి మరో పనిలో పడ్డాయి. భారతీ ప్రసాద్ ప్రసారం అందుకుని ప్రధాన భూభాగంలోని హామ్‌లు దీవుల పరిస్థితిని అధికారులకు అందించారు. బృందంలో కొందరు కొద్దిరోజుల్లోనే కార్ నికోబార్ చేరి అక్కడ మరో కేంద్రం నిలబెట్టారు. అండమాన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళు, తమిళులు, బెంగాలీలు తక్కువమంది కాదు. ఫలానా ఊళ్ళో ఫలానావారు బతికే ఉన్నారు అనే కబురు, మామూలు రోజుల్లో చట్టం వద్దన్న ఆ మూడో మనిషి కబురే, గంటలకొద్దీ సాగింది.

అంతకుముందు 1999 ఒడిశా తుపానులోనూ, 2001 కచ్ భూకంపంలోనూ హామ్‌లు ఇలాంటి పనే చేశారు. కానీ ఆ రెండు చోట్లకూ వాళ్ళు విపత్తు జరిగాక బయలుదేరి వెళ్ళారు. అండమాన్‌లో ముందే ఉన్నారు. ఉండడానికి కారణం దూరదృష్టి కాదు, ఒక దస్త్రం కదలడం. ఆ దస్త్రం ఇంకో నెల బల్ల మీద ఆగి ఉంటే ఆ ఉదయం దీవుల్లో వాళ్ళ ఏరియల్ ఉండేది కాదు.

ఆ మరుసటి ఏడాది, 2005 మే 5న, శ్రీహరికోట నుంచి పిఎస్ఎల్‌వి-సి6 రాకెట్టు కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. హామ్‌ల కోసం ఇస్రో చేసిన ఉపగ్రహం ఇది. 435 మెగాహెర్ట్జ్‌లలో కింది నుంచి విని 145 మెగాహెర్ట్జ్‌లలో తిరిగి పలికేది. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి మనది, మరొకటి ఒక డచ్ హామ్ తయారుచేసినది. రెండేళ్ళు పనిచేస్తే చాలనుకున్నారు, తొమ్మిదేళ్ళు పలికి 2014 జులైలో బ్యాటరీ చెడి మూగబోయింది.

నిబంధనలూ నెమ్మదిగా సడలాయి. మోర్స్ తప్పనిసరి అనే అంతర్జాతీయ నియమం 2003లో పోయింది. 2009 సవరణతో మన దేశంలో తరగతులు రెండే మిగిలాయి, రిస్ట్రిక్టెడ్, జనరల్. మొదటిదానికి మోర్స్ లేదు. జనరల్‌కు మాత్రం ఉంచి, వేగం నిమిషానికి ఎనిమిది మాటలన్నారు. 1885, 1933 చట్టాల స్థానంలో 2023 డిసెంబరులో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. పన్నెండేళ్ళు నిండిన వారెవరైనా పరీక్షకు కూర్చోవచ్చు. దరఖాస్తు కంప్యూటరులోనే పంపవచ్చు. ఇక 807 వాల్వుల సంగతంటారా, అవి ఇప్పటికీ అక్కడక్కడా పాత సామాన్లలో తేలుతుంటాయి. నెత్తి మీది టోపీ చూసి గుర్తుపట్టండి. వాల్వు చేతికి దొరకగానే ఫిలమెంట్ కాళ్ళకు 6.3 వోల్టులు ఇచ్చి చూస్తారు. లోపల ఎర్రగా వెలిగితే, అడిగిన ధర ఇచ్చేస్తారు.